ఆవిడ ముఖం మనకెందుకు?

నిద్ర పట్టడం లేదు. పండగ పనులన్నీ పెట్టుకుని ఇంత రాత్రప్పుడు ఇలా కూర్చోవడం మా వారికి నచ్చదు. అయినా ఆ ఫొటోలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

మా అపార్ట్‌మెంట్ వాళ్ళు సాయంత్రం ఒక ప్రభుత్వాసుపత్రి బయట దుప్పట్లు పంచి వచ్చారు. రోగుల వెంట పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ ఫుట్‌పాత్ మీదే పడుకుంటారు. పైన జనవరి మంచు, కింద సిమెంటు. పంచడం మంచి పనే, చందా మేమూ ఇచ్చాం. రాత్రి గ్రూపులో ఫొటోలు వచ్చాయి. ఒక్కో దుప్పటిని నలుగురేసి పట్టుకున్నారు. పుచ్చుకునేవాళ్ళ ముఖాలు బాగా కనబడేలా నిలబెట్టారు. ఒక పెద్దావిడ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆవిడదే వీడియో కూడా ఉంది. ఎవరో "ఇటు చూడమ్మా, ఇటు" అంటున్నారు. చూడలేదు. మళ్ళీ అన్నారు. చివరికి చూసింది.

ఆవిడ మనిషెవరో లోపల మంచం మీద ఉండి ఉంటారు. ఊళ్ళో ఆవిడకొక ఇల్లు ఉంటుంది, ఒక పేరు ఉంటుంది, పండగకు పిలిచే చుట్టాలుంటారు. వాళ్ళలో ఎవరి ఫోనుకైనా ఆ వీడియో చేరితే? చలికి ఒక దుప్పటి తీసుకున్నందుకు ఆవిడ ముఖం మనకెందుకు ఇవ్వాలి? గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నాకు పెట్టబుద్ధి కాలేదు. "అంత పట్టించుకోకు" అన్నారు మా వారు. పట్టించుకోకుండా ఎలా ఉంటాను?

మా అమ్మమ్మగారి ఊళ్ళో ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున మంచులోంచి గజ్జెల చప్పుడు వచ్చేది. హరిదాసు. తల మీద అక్షయపాత్ర, మెడలో పూలదండ, ఒక చేతిలో చిడతలు, మరో చేతిలో తంబురా. అమ్మమ్మ నన్ను లేపి, ముఖం కడిగించి, పళ్ళెంలో సోలెడు బియ్యం పోసి చేతికిచ్చేది. ఆయన ముగ్గు తొక్కకుండా వచ్చి, నా చెయ్యి అందేలా మోకాలి మీద వంగేవాడు. బియ్యం పడగానే లేచి పాడుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇది కావాలని అడిగేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇల్లు చేరేదాకా పాత్ర దించేవాడు కాదు. పాత్ర తల మీద ఉంది కాబట్టి ఎవరు ఎంత వేశారో ఆయనకు కనబడదు. మా వీధి చివర కూలికి వెళ్ళి బతికే ఒక ముసలావిడ ఉండేది, ఆవిడా వేసేది. ఆవిడ గుప్పెడూ మా సోలెడూ అందులో కలిసిపోయేవి.

భోగి ముందు రోజు చీకటి పడ్డాక అమ్మమ్మ ఒక గిన్నె నిండా కొత్త బియ్యం, పైన బెల్లం, ఒక గుమ్మడికాయ ముక్క పెట్టి, గుడ్డ కప్పి నన్ను ఆ ముసలావిడ ఇంటికి పంపేది. దారిలో ఎవరైనా అడిగితే "ఆవిడ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్తున్నా" అని చెప్పమనేది. గిన్నె మాదే. ఆవిడ కూడా అందుకుని, లోపల ఖాళీ చేసి, అందులో పెరట్లోని నాలుగు చిక్కుడుకాయలో, ఒక నిమ్మకాయో వేసి ఇచ్చేది. ఉత్త గిన్నె ఎప్పుడూ తిరిగి రాలేదు.

డొక్కా సీతమ్మగారిదీ మా వైపే, లంకల గన్నవరం. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండిపెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే ఆక్విడక్టుకూ, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి రమ్మంటే రానన్నారనీ, ఫొటో అయినా తీయించుకోమంటే అదీ వద్దన్నారనీ, అధికారులు బతిమాలితేనే ఒప్పుకున్నారనీ మా వైపు చెప్పుకుంటారు. పెట్టిన మనిషే అంత మొహమాటపడితే, పుచ్చుకునే మనిషికి ఎంత ఉండాలి!

ఇంతవరకు రాసి అత్తయ్యగారి గదిలోకి వెళ్ళాను. మేలుకునే ఉన్నారు. అంతా చెప్పాను. "ఫొటో తీసినా దుప్పటి దుప్పటే కదమ్మా. ఈ రాత్రి ఆవిడ ముడుచుకోకుండా పడుకుంటుంది. పోయినేడు ఫొటోలు చూసే కదా, ఎప్పుడూ ఇవ్వనివాళ్ళు కూడా ఈసారి ఇచ్చారు" అన్నారు. కోపం వచ్చింది. కానీ ఆ మాట అబద్ధమని అనలేను.

నేను తలచుకుని మురిసిపోయే ఊళ్ళోనూ అంతా అమ్మమ్మ గిన్నెలా జరగలేదు. కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు, మొదటి కుంచాన్ని "లాభం" అని మొదలుపెట్టి లెక్కించేటప్పుడు, రజకులు, క్షురకులు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మేర కోసం చేతులు కట్టుకుని నిలబడేవారు. అది ఏడాదంతా చేసిన పనికి రావలసిన కూలి. అయినా కుంచం అంచుదాకా కొలవాలా, పైకి కుప్పగా కొలవాలా అన్నది తాతయ్య ఇష్టం. కుప్పగా కొలిచిన ఏడు మా ఇంట్లో అదంతా మా దయ అన్నట్టే చెప్పుకునేవారు. అప్పుడు ఫొటోలు లేవు గానీ ఊరంతా చూస్తూనే ఉండేది. కాబట్టి దుప్పట్లు పంచినవాళ్ళ మీద అంత కోపం వద్దు. ఆ వీడియో మాత్రం తీసేయమని అడుగుతాను. పండగ మూడు రోజులూ టిఫిన్ బండ్లు, మెస్సులు చాలావరకు మూసేస్తారు. ఆ ఆసుపత్రి బయటివాళ్ళు ఏం తింటారో కూడా ఆలోచించమంటాను.

కూలి అనుకోగానే మా వాచ్‌మన్ గుర్తొచ్చాడు. వాళ్ళది శ్రీకాకుళం వైపు. సంక్రాంతికి ఇక్కడ హైదరాబాద్‌లో వీధులకు వీధులే ఖాళీ అవుతాయి, మా అపార్ట్‌మెంటూ అంతే. అందరం ఊళ్ళకు వెళ్తాం కాబట్టే అతను వెళ్ళకూడదు. సెలవడిగితే పండగయ్యాక వెళ్ళమన్నారట. పోయిన తండ్రికి బట్టలు పెట్టుకోవాలి, తల్లి ఒక్కతే ఉంది. పండగయ్యాక వెళ్ళి ఏం చేస్తాడు?

భోగి నుంచి కనుమ దాకా ఏజెన్సీ నుంచి ఇద్దరు గార్డులను పెట్టుకుందాం. "వాళ్ళకు మాత్రం పండగ కాదా?" అన్నారు మా వారు. నిజమే. రెట్టింపు కూలికి ఇష్టపడి వచ్చేవాళ్ళనే అడగాలి. ఫ్లాట్లన్నీ పంచుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. అతనికి జీతం కోయకుండా సెలవు, రానూపోనూ చార్జీలు, వాళ్ళ పాపకు కొత్త గౌను. మా చిన్నదానికి పొట్టయినది కాదు, కొలత కనుక్కుని కొన్నది. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తారు, ఇప్పుడు వాటి మీద ఆశ లేదు. ప్రైవేటు బస్సువాళ్ళు ఈ వారం ఎంత అడుగుతారో అందరికీ తెలుసు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులున్నాయి, వాటిలో చూడాలి.

కార్యదర్శిగారు పొద్దున్నే నడకకు దిగుతారు. మా వారు అడుగుతానన్నారు గానీ ఆయన మొహమాటం మీకు తెలుసు. నేనే వెళ్తాను. వాచ్‌మన్ వాళ్ళు రేపు రాత్రికి బస్సెక్కితేనే భోగికి ఇంట్లో ఉంటారు.