అఫిడవిట్‌లో డిపోనెంట్ అంటే ఎవరు? మా అమ్మ సంతకం పెట్టిన రోజు

నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి పెట్టుకుంటే పేరు దగ్గర పేచీ వచ్చింది. సర్వీస్ రిజిస్టర్‌లో అమ్మ పేరు లక్ష్మి, ఆధార్‌లో వెంకటలక్ష్మి. రెండు పేర్లూ ఒక మనిషివేనని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు.

గుంటూరు బ్రాడీపేటలో తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్లాం. టైపిస్టు ఇంగ్లీషులో గబగబా కొట్టిచ్చాడు. సంతకం చోట ‘డిపోనెంట్’ అని ఉంది. అమ్మ చదివింది ఏడో తరగతే, కానీ ఏం రాశారో తెలియకుండా సంతకం పెట్టదు. “ఇదెవరు బాబూ?” అంది.

“మీరేనమ్మా” అని లాయరు గారు ఓపిగ్గా చెప్పారు. అఫిడవిట్ లాటిన్ మాట, ప్రమాణం చేసి చెప్పాడని అర్థం. అలా చెప్పే మనిషి డిపోనెంట్. కోర్టులో సాక్షి ఇచ్చే వాంగ్మూలాన్ని డిపోజిషన్ అనేది అందుకే. అదే దస్తావేజు రాసిచ్చేవాళ్లయితే ఎగ్జిక్యూటెంట్. కాగితంలో ఉన్న ‘సాలెమ్‌లీ అఫర్మ్’ అంటే దేవుడి మీద ఒట్టేయకుండా మనస్ఫూర్తిగా చెప్పడం. 1969 నాటి ఓత్స్ యాక్ట్ ప్రకారం ఒట్టైనా, ఇదైనా చెల్లుతుంది.

అసలు చిక్కు చివరి పేరాలో వచ్చింది. నాన్న ఆఫీసులో గుమాస్తా పొరపాటున పేరు కుదించి రాశాడని, ఇవన్నీ తనకు స్వయంగా తెలుసని అమ్మ చెబుతున్నట్టు రాశారు. లాయరు గారు తెలుగులో చెప్పగానే అమ్మ ఆపేసింది. “నేనా ఆఫీసు గడపే తొక్కలేదు. ఎవరు రాశారో నాకేం తెలుసు? మా ఆయన చెబితే విన్నాను.”

లాయరు గారు వెంటనే ఒప్పుకున్నారు. కోర్టు అఫిడవిట్లకి సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డర్‌లో ఇదే నియమం ఉందట: స్వయంగా తెలిసినదే చెప్పాలి. నమ్మకంతో చెప్పే మాటలు మధ్యంతర పిటిషన్లలోనే, అంటే కేసు నడుస్తుండగా మధ్యలో వేసేవాటిలోనే చెల్లుతాయి, అదీ ఆ నమ్మకానికి ఆధారం చూపిస్తేనే. మాది కోర్టు కాగితం కాకపోయినా ఆ పద్ధతిలోనే మార్పించారు. తన రెండు పేర్ల సంగతి ‘నాలెడ్జ్’ కిందికి, గుమాస్తా సంగతి ‘భర్త చెప్పగా విని నమ్ముతున్నాను’ అంటూ ‘ఇన్ఫర్మేషన్ అండ్ బిలీఫ్’ కిందికి వెళ్లాయి. అమ్మని చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

ఇంగ్లీషు రాని వాళ్లయితే తెలుగులో చదివి వినిపించామన్న వాక్యం కూడా కింద ఉండాలి, అడిగి మరీ వేయించుకోండి. మేం వేయించుకున్నాం. తర్వాత నోటరీ ఎదుట అమ్మ ప్రతి పేజీలో సంతకం పెట్టింది, ఆయన రిజిస్టర్‌లో ఎక్కించి సీలు వేశారు. ఆఫీసులో ఆ కాగితం తీసుకున్నారు, పెన్షన్ మంజూరైంది.