సిరోంచ నుంచి వడ్సా దాకా

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరోంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకి దక్షిణపు కొస. బోర్డులు మరాఠీలో ఉన్నా బజార్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. నేను బయల్దేరింది మాత్రం అదే జిల్లాలో ఉత్తరాన ఉన్న దేశాయిగంజ్ చూడాలని. మన దేశంలో స్త్రీల ఉద్యమాన్ని మలుపు తిప్పిన అత్యాచార కేసు ఆ ఊరి పోలీస్ స్టేషన్‌లోనే పుట్టింది.

సిరోంచలో నాకు చోటిచ్చిన పెద్దమ్మకి ఆ కేసు సంగతి తెలియదు. మందు గొడవ మాత్రం బాగా తెలుసు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దూబగుంట ఆడవాళ్లు రాజేసిన పోరాటంతో ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగిందీ ఆ ఏడాదే. "వంతెన వచ్చినంక సీసాలు గూడ అటుకెల్లే వస్తున్నయి బిడ్డా. ఆడోళ్లం ఊకుంటే మళ్లా మొదటికే" అంది. సభల్లో విన్న ఉపన్యాసాలకన్నా నాకు ఈ మాటే ఎక్కువ.

పొద్దున్నే బస్సు. ఆలాపల్లి దాకా అడవి దారి. పక్క సీట్లో గడ్చిరోలిలో డిగ్రీ చదువుతున్న తెలుగమ్మాయి. ఎక్కడికక్కా అని అడిగితే మొత్తం చెప్పాను.

1972 మార్చి 26 రాత్రి. అప్పుడిదంతా చంద్రపూర్ జిల్లా. కూలి చేసుకుని బతికే ఆదివాసీ పిల్ల, వయసు 14, 16 మధ్య. అన్న ఇచ్చిన ఫిర్యాదు మీద స్టేషన్‌కి పిలిపించారు. వాంగ్మూలాలు అయ్యాక తక్కినవాళ్లని పంపేసి ఆమెని ఉంచేశారు. అత్యాచారం జరిగింది. సెషన్స్ కోర్టు ఇద్దరు పోలీసుల్నీ వదిలేసింది. నాగపూర్‌లో హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటిమీద గాయాల్లేవు, ప్రతిఘటించలేదు, అంటే ఒప్పుకున్నట్టేనట! రాత్రిపూట, స్టేషన్‌లో, ఖాకీల ముందు ఆ పిల్లకి నోరెలా పెగులుతుంది?

1979 సెప్టెంబర్‌లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. నలుగురూ న్యాయశాస్త్రం చెప్పేవాళ్లు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని నిలదీశారు. 1980 మార్చి 8న కేసు మళ్లీ తెరవాలంటూ చాలా నగరాల్లో ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో లైంగిక సంబంధం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె చెబితే, కోర్టు ఆ మాటనే నిజమని భావించి విచారణ సాగించాలి. బాధితురాలి పేరు అచ్చు వెయ్యకూడదన్నదీ అప్పుడే వచ్చింది. ఆ పిల్ల పేరు మాత్రం లా పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. బస్సులో నేను చెప్పలేదు, ఇక్కడా రాయను.

"మరి వాళ్లకి శిక్ష పడిందా అక్కా?"

పడలేదు. కొత్త చట్టం పాత నేరానికి వర్తించదు.

"అయితే ఆమెకేం దక్కింది?" ఆ అమ్మాయి గొంతులో కోపం. నా దగ్గర జవాబు లేదు.

దేశాయిగంజ్‌ని అందరూ వడ్సా అనే అంటారు. రైల్వే స్టేషన్, రద్దీ బజారు, చుట్టూ వరి పొలాలు. నేను తిరిగినంత మేర ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ కనబడలేదు. ఆ చట్టం తమ జిల్లా పిల్ల వల్ల వచ్చిందని, పేరు ఎత్తకుండానే, ఇక్కడి బడిపిల్లలకి చెప్పొచ్చు. చెప్పి తీరాలి.

ఆ రాత్రే 1979 నాటి లేఖని బస్సులో అమ్మాయికి ఫోన్‌లో పంపాను. సిరోంచలో వాళ్లమ్మ వాళ్ల సంఘంలో చదివి వినిపిస్తానని, తెలుగులో రాసిమ్మని అడిగింది. మొదటి రెండు పేజీలు అయ్యాయి.