తూకాలు కూడుతుండగా ఫోను మోగితే

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కలు రాస్తాను. వయసు 64. సీజనులో టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు కూడుతుండగానే ఫోను మోగుతుంది, కాటా దగ్గర నుంచి మనిషి వస్తాడు, రైతు తన పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, సంగతి అడుగుతాడు. ఒకప్పుడు అందరికీ జవాబు చెబుతూనే కూడిక నడిపించేవాణ్ణి. ఇప్పుడు ఫోను పెట్టేశాక కూడా మనసు ఆ మాటల్లోనే ఉంటుంది, వరుసను మళ్లీ పైనుంచి అందుకోవలసి వస్తోంది. మతిమరుపేమోనని ఇంట్లో భయపడ్డారు. నాకు నిద్ర పట్టేది కాదు.

కోడలు పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ముందు థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు. అవి తగ్గినా బుర్ర మందగిస్తుందట. అన్నీ బాగానే ఉన్నాయి.

తర్వాత రెండు కాగితాలు ఇచ్చారు. మొదటిదానిలో చెల్లాచెదురుగా ఉన్న 1 నుంచి 25 వరకు అంకెలను వరుసగా గీతతో కలపాలి. చకచకా కలిపేశాను. రెండోదానిలో ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ అంకె: 1 తర్వాత మొదటి అక్షరం, 2 తర్వాత రెండో అక్షరం, అలా మార్చి మార్చి కలపాలి. 5 దగ్గర పెన్సిలు ఆగింది. వెళ్లవలసింది ఐదో అక్షరానికని తెలుసు, అయినా కన్ను 6 కోసమే వెతుకుతోంది. పట్టీల దగ్గర నన్ను రోజూ పీడిస్తున్నది సరిగ్గా ఇదే!

రెండు కాగితాలకూ పట్టిన సమయాల్లో తేడాను బట్టి పని మార్చుకోవడం ఎంత భారమవుతోందో అంచనా వేస్తారని డాక్టరు చెప్పారు. నా తేడా వయసుకు తగినట్టే ఉందన్నారు, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా బాగా వచ్చింది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినంత చదివాను. క్రే, లిండెన్‌బెర్గర్ అనే పరిశోధకులు 2000లో చూపినదేమిటంటే, ఒక పని నుంచి ఇంకొకదానికి మారే ఆ క్షణం కన్నా, రెండు పనులనూ ఒకేసారి మనసులో సిద్ధంగా పట్టుకుని ఉండడమే పెద్దవాళ్లకు ఎక్కువ బరువు. నా మట్టుకు ఇది అక్షరాలా నిజం. ఫోను మోగకపోయినా, మోగుతుందన్న ఎదురుచూపే నన్ను అలసిపోయేలా చేసేది.

అందుకే యజమానితో మాట్లాడాను. తూకాలు కూడేటప్పుడు ఫోను కుర్రాడి దగ్గర ఉంటుంది. ఎవరైనా వస్తే అక్కడివరకు వచ్చిన మొత్తాన్ని అంచున పెన్సిలుతో రాసి, అప్పుడే తలెత్తుతాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పరీక్ష చేయిస్తే ఒక్కటి అడగండి. రెండో కాగితంలో వాళ్లకు బాగా వచ్చిన అక్షరాలే ఉండాలి. ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషు అక్షరాలిచ్చి, ఆలస్యమైందని తీర్పు చెప్పడం అన్యాయం.