మూటలో రాజకుమారుడు

మన కళాశాల వార్షికోత్సవానికి ప్రతి ఏడూ నాటకం ఉండేది. ఎక్కువగా సాంఘికాలే. మేం డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా తెలుగు సార్ చారిత్రక నాటకం వేద్దామన్నారు. "చంద్రగిరి కోటను పక్కన పెట్టుకుని మనం హంపీ దాకా ఎందుకు పోవాల?" అని ఆయన వెలుగోటి యాచమనాయుడి కథ ఎంచుకున్నారు. సీనియర్ అన్న ఒకాయన రాసిన స్క్రిప్టు అప్పటికే సిద్ధంగా ఉంది. సార్ దాన్ని నేరుగా రిహార్సల్‌కు పంపలేదు. హిస్టరీ గ్రూపులో ఉన్న మా చేతికిచ్చి, "ఇందులో జరిగిందెంత, మనవాడు కల్పించిందెంత, చూసి చెప్పండమ్మా. అది తేలినాకే వేషాలు పంచుతా" అన్నారు.

ఈ సంచిక చదివే చిన్నవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. చంద్రగిరి నుంచి ఏలిన విజయనగర రాజు వెంకటపతిరాయలు తర్వాత వేలూరు చేరాడు. 1614లో కన్నుమూసే ముందు తన అన్న కొడుకు శ్రీరంగరాయలికి రాజ్యం అప్పగించాడు. రాయల రాణుల్లో ఒకామె దగ్గర ఒక పిల్లవాడు పెరుగుతుండేవాడు. వాడు రాయల కొడుకు కాడని లోకం అనుకునేది. ఆ రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయడు సామంతులను కూడగట్టి, కొత్త రాజును కుటుంబంతో సహా చెరలో పెట్టి, ఆ పిల్లవాణ్ణి గద్దెనెక్కించాడు. ఆ పిల్లవాడికి తల వంచనన్న సామంతుడు యాచమనాయుడు.

లైబ్రరీలో మాకు రెండు పుస్తకాలు దారి చూపించాయి. ఒకటి వెలుగోటివారి వంశావళి, నేలటూరి వెంకటరమణయ్య గారు పరిష్కరించగా మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చు వేసింది. రెండోది రాబర్ట్ సూయల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్ర. అందులో బర్రాదాస్ అనే జెస్యూట్ పాదిరీ 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. వేలూరులో రాజకుటుంబం బలైపోయిన ఘోరం జరిగి అప్పటికి నిండా మూడేళ్లు కాలేదు. యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. వార్త వేడిగా ఉండగానే రాసిన కాగితం అది.

వంశావళిలో ప్రభువు పరాక్రమం పద్యపద్యానా మోగుతుంది. వంశావళులు పుట్టిందే అందుకు, తప్పు పట్టాల్సిన పని లేదు. పాదిరీ ఉత్తరంలో మాత్రం ఒక చాకలాయన కనిపించాడు. కోటలోకి యాచమనాయుడికి దారి దొరకనప్పుడు, రాజకుటుంబం బట్టలు ఉతికే ఆ మనిషి చెరలో ఉన్న రాజు రెండో కొడుకును మైల బట్టల మూటలో పెట్టి కాపలావాళ్ల కళ్లెదుటే బయటికి తెచ్చేశాడు. ఆ పిల్లవాడి వయసు పన్నెండేళ్లు. తర్వాత రామదేవరాయలుగా సింహాసనం ఎక్కింది అతనే.

మా స్క్రిప్టులో ఆ ఘట్టం వేరుగా ఉంది. రాజకుమారుడు చంటిబిడ్డ. యాచమనాయుడే మారువేషంలో వచ్చి బుట్టలో పెట్టుకుపోతాడు, వెనక వేణువు మోగుతుంది. వసుదేవుడు కృష్ణుణ్ణి మోసుకుపోయినట్టు ఉంటే జనం చప్పట్లు కొడతారని సీనియర్ అన్న లెక్క. కొడతారు కూడా. కానీ చంటిబిడ్డను మోయడం వేరు, పన్నెండేళ్ల పిల్లవాణ్ణి మోయడం వేరు. ఆ వయసు పిల్లవాడికి మాట తెలుసు, భయం తెలుసు, వెనక అమ్మ, నాన్న, అన్న మిగిలిపోతున్నారనీ తెలుసు. ఉత్తరం కాపీ సార్ ముందు పెట్టాం. ఆయన రెండుసార్లు చదివి, "ఆ చాకలాయన పేరేమిటి?" అని అడిగారు. పేరు ఉత్తరంలో లేదు. సీనియర్ అన్న ఒక పేరు పెడదామన్నాడు. సార్ ఒప్పుకోలేదు. రాజ్యానికి వారసుణ్ణి మిగిల్చినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదన్నది కూడా చరిత్రేనని, దాన్ని మనం కప్పెట్టకూడదని ఆయన పట్టు. కరపత్రంలో పాత్రల పట్టికలో ఆ పాత్ర 'రజకుడు' అనే పడింది, కానీ మొదటి వరుసలో పడింది.

పుస్తకాలు చెప్పనిది ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి మూట కడితే ఎలా ఉంటుంది? ఊపిరి ఆడుతుందా? బరువు ఎక్కడ పడుతుంది? దానికోసం స్వర్ణముఖి ఒడ్డున చాకిరేవుకు వెళ్లాం. అక్కడొక పెద్దాయన మేం చెప్పిందంతా విని, నవ్వకుండా, ఒక దుప్పటి పరిచి చూపించారు. మోకాళ్లు గుండెకు ఆనించి పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి. అడుగున దళసరి బట్టలు, మొహం దగ్గర పలచని చీర, పైన ముడి వదులుగా. "తలమీదికి ఎత్తుకోగూడదు తల్లీ, వీపుమీద వెయ్యాల. ఇంకోటి, మోసేవాడి నడక మారగూడదు. దినమూ మోసే మూటేనన్నట్టు నడవాల" అన్నారు. మైల మూటను కాపలావాళ్లు ఎందుకు విప్పి చూడలేదని అడిగితే, "ఎవురు ముట్టుకుంటారమ్మా దాన్ని?" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు ఘట్టమంతా అర్థమైంది. లోకం ముట్టుకోనిదాన్నే ఆ మనిషి కవచం చేసుకున్నాడు. నా మటుకు నాకు, ఆ ఏడు మొత్తం నేను నేర్చుకున్న చరిత్రలో దానికి సాటి వచ్చింది లేదు.

వేలూరు కోటకు అందరం కలిసి బస్సులో వెళ్లాం. చుట్టూ నీళ్లు నిండిన అగడ్త, ఎత్తయిన రాతి గోడలు. కాపలా దాటకుండా బయటపడే దారే కనిపించలేదు. రజకుడి వేషం వేయబోయే మిత్రుడు ద్వారం నుంచి బయటిదాకా ఒంటరిగా, ఏ తొందరా లేకుండా, ఎన్నోసార్లు నడిచాడు. పెద్దాయన చెప్పిన నడక అతని కాళ్లకు పట్టింది అక్కడే.

వేషాల సంగతి త్వరగా చెప్పేస్తాను. అద్దె దుకాణంలో దొరికేవి వెల్వెట్ కోట్లు, మెరుపు కాగితం అంటించిన కిరీటాలు. ఆ కాలపు రాజు ఎలా ఉండేవాడో తిరుపతివాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కొండమీద గుడిలో అడుగుపెట్టగానే కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తలమీద పొడవాటి కుళ్లాయి, ఒంటిమీద కోటు లేదు. అదే మండపంలో మా కథలోని వెంకటపతిరాయల విగ్రహమూ ఉంది. లోపల ఫొటోలు తీయనివ్వరు కనుక బొమ్మలు వేసే అమ్మాయి దర్శనానికి వెళ్లి, కళ్లారా చూసుకుని వచ్చి, బయట మెట్లమీద కూర్చుని గీసింది. అట్టముక్కలతో, పట్టు గుడ్డతో కుళ్లాయిలు మేమే కుట్టుకున్నాం.

అన్నిటికన్నా బరువైన చర్చ ఆఖరి ఘట్టం మీద నడిచింది. రాజును విడిపించే ప్రయత్నం కోటలో జరిగిందని తెలిసి జగ్గరాయడు అతణ్ణి చంపడానికి తన తమ్ముణ్ణి పంపాడు. చావు తప్పదని తేలాక శ్రీరంగరాయలు భార్యనూ చిన్నబిడ్డలనూ తన చేత్తోనే చంపి, ఆ కత్తిమీదే తానూ పడ్డాడని బర్రాదాస్ రాశాడు. అది రంగస్థలం మీద చూపాలా వద్దా? చూపితేనే జనానికి తగులుతుందని కొందరు వాదించారు. నేను వద్దన్నాను, ఇప్పటికీ అదే మాటమీద ఉన్నాను. చివరికి వేదికమీద దీపాలు తగ్గించి, కోట బయట యాచమనాయుడి పక్కన నిలబడిన పిల్లవాడికి వార్త చేరడం మాత్రమే చూపించాం. ఆ పిల్లవాడి వేషం ఏడో తరగతి చదువుతున్న మా తమ్ముడిది. వాడికి డైలాగు ఒక్కటీ లేదు.

ప్రదర్శన రోజు యాచమనాయుడి పద్యాలకు ఈలలు పడ్డాయి. రజకుడు మూటతో ద్వారం దాటుతున్నంతసేపూ ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. చాకిరేవు పెద్దాయన మనవళ్లతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నాటకం అయ్యాక తెర వెనక్కి వచ్చి, "ముడి బాగా ఏసినావు నాయనా" అని మా మిత్రుడి భుజం తట్టారు.

ఈ ఏడు స్వర్ణోత్సవాల్లో ఆ నాటకాన్ని మళ్లీ వేస్తామని ఇప్పటి విద్యార్థులు అడుగుతున్నారు. స్క్రిప్టు ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది, ఇస్తాను. ఒక కోరిక. రాజు సొరంగం గుండా తప్పించుకోబోయి దొరికిపోయిన ఘట్టం పాదిరీ ఉత్తరంలో ఉంది. అప్పట్లో వేదిక చాలక వదిలేశాం. ఈసారి దాన్ని కలపండి. అలాగే జగ్గరాయడు హతుడైన తొప్పూరు యుద్ధాన్ని మేం ఒక ప్రకటనతో ముగించేశాం. తంజావూరు రఘునాథనాయకుడు యాచమనాయుడి పక్షాన నిలిచిన యుద్ధమది, దాని గురించి తంజావూరు ఆస్థాన కావ్యాల్లో కావలసినంత ఉంది. రాసేముందు అవి తిరగేయండి. అప్పటి ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే సంచిక సంపాదకులకు పంపండి. ముఖ్యంగా మూట మోస్తున్న ఘట్టంది, నా దగ్గర అదొక్కటే లేదు.