తడి నేలకు బాధ్యులెవరు?

"చూసుకుని నడవద్దా అమ్మా?"

పెళ్లి భోజనాల దగ్గర కాలు జారి పడిన మనిషితో మనవాళ్లు ముందుగా అనే మాట ఇదే. మా పెద్దమ్మ తుంటి ఎముక విరిగి, లేవలేక నేల మీదే ఉండిపోయినప్పుడు చుట్టూ చేరిన వాళ్లలో చాలామంది అన్నారు. కల్యాణ మండపం మేనేజరు కూడా వచ్చి అదే అన్నాడు. ఆ మాట మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

నేను అపార్టుమెంట్లలో ఫ్లోరింగ్ పనులు చేయించే సూపర్‌వైజరును. మేస్త్రి రసమట్టం పెట్టి వాటం, అంటే నీళ్లు పారే వాలు, చూస్తుంటే పక్కన నిలబడటం నాకు రోజూ ఉండే పనే. అందుకని పెద్దమ్మను అంబులెన్సు ఎక్కించి మా అక్కను తోడు పంపాక, వెనక్కి వచ్చి ఆ నేలను చూశాను. భోజనశాలకూ చేతులు కడుక్కునే చోటికీ మధ్య నడవా అంతా అద్దంలా మెరిసే పాలిష్ గ్రానైట్. కుళాయిల వరుస కింద జాలీ ఉంది కానీ నేల వాటం దాని వైపు లేదు, నడవా వైపు ఉంది. ఒక బంతి లేచేసరికి వందల మంది ఒకేసారి చేతులు కడుక్కుని, విదుల్చుకుంటూ అదే దారిన వెనక్కి వస్తారు. ఆ నీళ్లలో మజ్జిగ, నెయ్యి జిడ్డు కూడా కలుస్తుంది. పాలిష్ రాయి పొడిగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. దాని మీద సన్నని నీటి పొర నిలిచి, దానికి జిడ్డు తోడైతే చెప్పు అడుగుకు పట్టు దొరకదు. అలాంటి చోట ఫ్లేమింగ్ చేసిన, అంటే మంటతో కాల్చి పైభాగాన్ని గరుకుగా చేసిన రాయి వేయాలని ఏ మేస్త్రిని అడిగినా చెబుతాడు. రాయి మార్చే ఖర్చు ఎక్కువనుకుంటే రబ్బరు మ్యాట్లు పరచవచ్చు, బంతి బంతికీ తుడవడానికి ఒక మనిషిని పెట్టవచ్చు. ఆ పూట తుడుపు కర్ర గోడకు ఆనించి ఉంది. తుడవాల్సిన కుర్రాడిని వడ్డనకు పంపారు. ఆ సంగతి ఆ కుర్రాడే నాతో చెప్పాడు. వాడి తప్పేమీ లేదు.

పడిన మనిషి చూసుకుందా లేదా అన్నది చట్టం మొదట అడిగే ప్రశ్న కాదు. ఆ చోట జనం జారిపడే ప్రమాదం ఉందని స్థలం నడిపేవారికి తెలియాలా, తెలిసినప్పుడు ఎవరైనా తీసుకోదగిన జాగ్రత్త తీసుకున్నారా, తీసుకోకపోవడం వల్లే దెబ్బ తగిలిందా అని చూస్తుంది. పడినవారి అజాగ్రత్త కూడా కొంత ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడవచ్చు. అంతే తప్ప యజమాని బాధ్యత మొత్తం ఎగిరిపోదు. రోజూ తడిసే నేల గురించి "మాకు తెలియదు" అనే వీలు ఎవరికీ లేదు.

మండపం వాళ్లు వేసిన మొదటి అడ్డుపుల్ల ఏమిటంటే, అద్దె కట్టింది మీ మేనమామ, మీ పెద్దమ్మ మాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు కదా అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టిన వ్యక్తి ఒక్కరే వినియోగదారు కారు. ఆ వ్యక్తి సమ్మతితో ఆ సేవను వాడుకున్నవారు కూడా వినియోగదారులే. శుభలేఖ ఇచ్చి పిలిచిన అతిథికి అంతకన్నా సమ్మతి ఏం కావాలి? పైగా ఆ చట్టంలో సేవాలోపం అనే మాట కిందికి నిర్లక్ష్యం కూడా వస్తుంది.

రెండో అడ్డుపుల్ల రసీదు వెనక ఉంది. "ఆవరణలో జరిగే ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని చిన్న అక్షరాలలో అచ్చేశారు. ఇలాంటి వాక్యం ఎంతవరకు చెల్లుతుందో తెలుసుకోవడానికి తాజ్‌మహల్ హోటల్ కేసు చూడాలి. 1998లో ఢిల్లీలోని ఆ హోటల్ సిబ్బందికి ఒక అతిథి కారు తాళాలు ఇచ్చారు, కారు దొంగతనానికి గురైంది. వాహనం యజమాని పూచీ మీదే నిలుపుతున్నామని పార్కింగ్ చీటీ మీద ముద్రించి ఉంది. హోటల్ నిర్లక్ష్యాన్ని ఆ చీటీ కప్పిపుచ్చలేదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అది కారు విషయం, మాది మనిషి విషయం. కారుకు దక్కిన న్యాయం మా పెద్దమ్మ తుంటి ఎముకకు దక్కదంటే నేను ఒప్పుకోను.

ఇంత చిన్నదానికి కోర్టు ఎందుకని మా ఇంట్లోనే అన్నారు. అప్పుడు నేను ఉపహార్ సినిమా హాలు గురించి చెప్పాను. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఆ హాలులో 59 మంది చనిపోయారు. మంట కింద పార్కింగ్ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలైంది. బాల్కనీలో అదనపు సీట్లు వేసి దారి మూసేయడంతో జనం పొగలో చిక్కుకున్నారు. 2011లో సుప్రీంకోర్టు పరిహారం బాధ్యతను 85 శాతం హాలు యజమానుల మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద పెట్టింది. 20 ఏళ్లు దాటిన మృతులకు 10 లక్షలు, అంతకన్నా చిన్నవారికి ఏడున్నర లక్షలు. ఢిల్లీ హైకోర్టు అంతకుముందు చెప్పినది 18, 15 లక్షలు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు 14 ఏళ్లు తిరిగితే చివరికి ఆ మొత్తం కూడా తగ్గింది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కుతకుతలాడుతుంది. ఆ సీట్లు వేసిన నాడు ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. తడి నేల గురించి ఇప్పుడే అడగాలన్నది అందుకే.

మా మేనమామ మొదట ససేమిరా అన్నాడు. "శుభమా అని పిల్ల పెళ్లి చేస్తే కోర్టు కాగితాల్లోకి ఎందుకురా లాగుతావు?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఆసుపత్రిలో వాకర్ పట్టుకుని అడుగు వేయలేక ఏడుస్తున్న తన అక్కను, మా పెద్దమ్మను, చూశాక అద్దె రసీదు తెచ్చి నా చేతిలో పెట్టాడు, ఏమీ మాట్లాడలేదు.

ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే పనికొస్తుందని చెబుతున్నాను. ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. మండపం వేరే జిల్లాలో ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. సేవకు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దారి తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అన్నిటికన్నా ముందు నేల ఆరకముందే ఫొటోలు తీయండి, ఆసుపత్రి కాగితాల మీద ఎక్కడ, ఎలా పడ్డారో రాయించండి.

మేము శస్త్రచికిత్స ఖర్చు, ఫిజియోథెరపీ ఖర్చు, ఇంట్లో పెట్టుకున్న ఆయమ్మ జీతం, పడిన బాధకు పరిహారం అడిగాం. లోపాన్ని సరిచేయమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది కాబట్టి, ఆ నడవాలో రాయి మార్పించమని కూడా అడిగాం. ఆ కోరిక పెద్దమ్మది. "డబ్బు సంగతి తరువాత నాన్నా, ముందు ఆ రాయి తీయించు" అంది.

పడే సమయానికి నేల తడిగా లేదని మండపం వాళ్లు జవాబు దాఖలు చేశారు. మా దగ్గర పెళ్లి వీడియో ఉంది. రెండో బంతి లేచాక నడవాలో దీపాల వెలుగు నీళ్ల మీద పడటం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కానీ కెమెరా అక్కడ ఆగింది కొన్ని క్షణాలే. వాయిదా వచ్చే నెలలో ఉంది. బంధువులలో ఎవరైనా ఆ పూట చేతులు కడుక్కునే చోట ఫోనుతో ఫొటోలు, వీడియోలు తీసి ఉంటే, అందులో మీ పిల్లలే ఉన్నా, వెనకాల నేల కనిపిస్తే చాలు, నాకు పంపండి.