చివరి నాలుగు అక్షరాలు: నా బింగో పిన్‌బాల్ పుట్టుక వెతికిన అనుభవం

పద్నాలుగు నెలల తిరుగుడు నిన్నటితో ఒక కొలిక్కి వచ్చింది. వెంటనే రాసేస్తున్నాను. వారం ఆగితే ఆ కౌంటీ ఆఫీసు (ఇక్కడి జిల్లా ఆఫీసు లాంటిది) మీద కోపం చల్లారిపోతుంది, అది చల్లారడం నాకిష్టం లేదు.

మేం ఒహాయోలో, సిన్సినాటి పక్కన మేసన్‌లో ఉంటాం. కిందటేడు ఒహాయో నది అవతల, పక్క రాష్ట్రం కెంటకీ ఉత్తర భాగంలో ఒక పాతింటి సామాన్లు అమ్ముతున్నారంటే వెళ్లాను. బేస్‌మెంట్‌లో దుప్పటి కప్పి ఉంది ఈ బింగో పిన్‌బాల్ మెషీన్. "మా తాత కెఫేలో ఉండేది. బాలీ కంపెనీది, 1951 నాటిది, బింగోల్లో మొట్టమొదటిది" అన్నాడు ఆ ఇంటి మనవడు. 900 డాలర్లిచ్చి, రసీదు రాయించుకుని, ఇద్దరు స్నేహితుల్ని తోడు తీసుకుని అద్దె ట్రక్కులో నది దాటించి తెచ్చుకున్నాను. ఆ మనవడు చెప్పినదాంట్లో ఎంత నిజముందో తేల్చుకోవడమే ఆ తర్వాత నా పని.

బింగో పిన్‌బాల్ చూడనివాళ్లకు రెండు మాటలు. మనం ఆడే తంబోలానే, వాలు బల్ల మీద బంతిని దొర్లించి ఆడే పిన్‌బాల్ మీదికి తెచ్చారనుకోండి. బల్ల మీద 1 నుంచి 25 దాకా అంకెలేసిన గుంటలుంటాయి. ఐదు బంతులు. బంతి ఏ గుంటలో పడితే ఎదురుగా నిలబెట్టిన అద్దం మీది కార్డులో ఆ అంకె వెలుగుతుంది. మూడో, నాలుగో, ఐదో ఒకే వరసలో వెలిగితే గెలుపు. పిన్‌బాల్‌కి 1947లోనే బంతిని తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు వచ్చినా వీటికి మాత్రం పెట్టలేదు. స్ప్రింగు లాగి వదలడం, బల్లను ఒడుపుగా కుదపడం, అంతే. కుదుపు ఎక్కువైతే టిల్ట్ పడి ఆట పోతుంది. గెలిస్తే మెషీన్ డబ్బివ్వదు, ఉచిత ఆటలు ఇస్తుంది. ఆ ఆటల సంఖ్య చూసి బారువాడు చేత్తో డబ్బిచ్చేవాడు. ఇచ్చాక ఎవరికీ కనబడని ఒక బటన్ నొక్కితే లెక్క సున్నాకి దిగిపోతుంది. ఆ బటన్ చుట్టూనే ఈ మెషీన్ల చరిత్ర అంతా తిరుగుతుంది.

మా నాన్న తెనాలిలో రేడియో మెకానిక్. టంకం వాసనలో పెరిగినవాణ్ని. మెషీన్ వెనక తలుపు తీసి వరసగా రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), గుడ్డ తొడుగు వైర్లు, పళ్లచక్రాలు చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కంప్యూటర్ లేదు, చిప్ లేదు. ఏ వరస గెలిచిందో లెక్క కట్టేది అంతా రాగి పలకలూ అయస్కాంతాలే. కాకపోతే హెడ్ (బల్లకి ఎదురుగా నిలబడే పెట్టె) మీద ఉండాల్సిన బొమ్మల అద్దం లేదు. దాని స్థానంలో ఎవరో ప్లైవుడ్ ముక్క బిగించి నల్లరంగు వేశారు. మెషీన్ పేరు ఉండేది ఆ అద్దం మీదే.

బాలీ అన్నది నిజం కాదని మొదటి వారంలోనే తేలిపోయింది. డబ్బా లోపలి పక్క అంటించిన కాగితం ముక్క మీద యునైటెడ్ కంపెనీ పేరు, షికాగో నార్త్ కాలిఫోర్నియా ఎవెన్యూ 3401 అన్న అడ్రసు ఉన్నాయి. అందరూ ఏ బింగో చూసినా బాలీ అనేస్తారు, ఎందుకంటే ఎక్కువ చేసింది వాళ్లే. బాలీ వాళ్ల బ్రైట్ లైట్స్, యునైటెడ్ వాళ్ల ఏబీసీ రెండూ 1951లోనే వచ్చాయి. అదే ఏడు జాన్సన్ చట్టం వచ్చి స్లాట్ మెషీన్లను రాష్ట్రం దాటించడం నేరమైంది. స్లాట్ మెషీన్లు పోయిన చోట బింగోలు వచ్చి కూర్చున్నాయి.

షికాగో వెళ్లి చూసొచ్చాను. ఐదు గంటల డ్రైవ్. బాలీ ఫ్యాక్టరీ బెల్మాంట్ ఎవెన్యూ 2640లో ఉండేది. అక్కణ్నుంచి యునైటెడ్ అడ్రసుకి పది నిమిషాల్లోపు నడక. బద్ధ పోటీదారులు పక్క వీధుల్లో ఉండి ఒకే రకం మెషీన్లు చేశారు. యునైటెడ్‌ని 1964లో విలియమ్స్ అనే ఇంకో పిన్‌బాల్ కంపెనీ కొనేసింది. ఆ షికాగోలోనే 1970ల దాకా పిన్‌బాల్ ఆడటం మీద నిషేధం ఉండేదంటే ఎంత వింత!

పేరు దొరికింది మా అమ్మాయి వల్ల. ముందు వైపు చెక్క కింద ఎలుకలు కొరికిన కార్డు ముక్క ఇరుక్కుంటే, తన చిన్న వేళ్లతో లాగింది. దాని మీది పేరులో చివరి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలే మిగిలాయి: VANA. "వానా, నాన్నా" అని చదివింది. మా ఆవిడ వంటింట్లోంచి "వానేంటి, ఎండ మండిపోతుంటే?" అంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. యునైటెడ్ మోడళ్ల పేర్లు నాకప్పటికి నోటికొచ్చు: ట్రాపిక్స్, టాహిటి, రియో, మెక్సికో, నెవాడా, హవాయి, సింగపూర్. హవానా! 1954 నాటిది.

కానీ కార్డు ముక్క సాక్ష్యం కాదు. ఇంకో మెషీన్‌ది తెచ్చి పెట్టి ఉండొచ్చు. అందుకని ఇరవై ఐదు గుంటల్లో ఒక్కోదాన్నీ మీటరు పట్టుకుని వెతుక్కుంటూ, ఏ గుంట వైరు హెడ్‌లో ఏ బల్బు దాకా వెళ్తోందో కాగితం మీద గీశాను. ఆరు వారాంతాలు పట్టింది. కార్డు అంకెల అమరిక ఒక్కటే చాలదు, దాని చుట్టూ ఉండే ఫీచర్ బల్బుల (ఆటలోని అదనపు అవకాశాలు చూపేవి) అమరిక కూడా కలవాలి. క్యాష్ బాక్స్, బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రికల పాత సంచికల్లో ఫ్యాక్టరీల ప్రకటనలు ఉంటాయి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా గీతను హవానా ప్రకటనలోని అద్దం బొమ్మ పక్కన పెడితే బల్బుకి బల్బు సరిపోయింది. ఇరవై ఏళ్లుగా ఇవి సేకరిస్తున్న ఒకాయన అద్దం లేకుండా మోడల్ తేల్చడం అయ్యే పని కాదన్నాడు. అయింది. నేను చేశాను.

ఇక మిగిలింది ఒకటే: ఇది ఎక్కడ ఆడింది? కొయ్య మీద కొట్టిన సీరియల్ నంబర్లు చూస్తే బాడీ మీద ఒకటి, హెడ్ మీద ఒకటి. రెండూ వేరు. వెనక తలుపు లోపల పెన్సిల్‌తో మెకానిక్ రాసుకున్న తేదీలున్నాయి, పక్కన రెండక్షరాల పొట్టి సంతకం. 1955 నుంచి వరసగా వచ్చి, 1961 నవంబరు దగ్గర ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయి? పోలీసులు పట్టుకుని ఉంటే కౌంటీ రికార్డుల్లో ఉంటుంది కదా అనుకున్నాను. ఆ ఆఫీసు పేరు రాయను.

కెంటకీలో కారు రిజిస్ట్రేషన్ కూడా కౌంటీ ఆఫీసులోనే చేస్తారు. సోమవారం పొద్దున, క్యూ తలుపు దాకా ఉంది. నా వంతు వచ్చాక ఫోటోలు, సీరియల్ నంబర్లు పెట్టిన ఫైలు తీసి, "1961 ప్రాంతంలో పట్టుకున్న జూదం మెషీన్ల జాబితా ఏమైనా ఉందా అండీ?" అని నెమ్మదిగా అడిగాను. అద్దం వెనక ఉన్నావిడ గొంతు పెంచి, హాలంతా వినేలా, "మీ ఇంట్లో జూదం మెషీన్ ఉందా? ఇప్పుడు ఉందా? పనిచేస్తోందా?" అంది. నేను పాత మెషీన్ అంటున్నాను, యాంటిక్ అంటున్నాను. ఆవిడ అప్పటికే ఫోనెత్తింది.

డెప్యూటీ (కౌంటీ పోలీసు) వచ్చాడు. నడుముకి తుపాకీ. డ్రైవింగ్ లైసెన్సు అడిగి తీసుకెళ్లి కాపీ తీశాడు. ఏ దేశం అన్నాడు. ఏ వీసా అన్నాడు. హెచ్ వన్ మీద ఉండి, పదకొండేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డవాడికి ఆ ప్రశ్న ఎలా తగులుతుందో మనవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. గోడవార బెంచీ చూపించి కూర్చోమన్నాడు. గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను. నా ఫైలు ఆవిడ బల్ల మీద తెరిచే ఉంది, వచ్చేపోయేవాళ్లు మా గరాజ్ ఫోటోలు చూస్తున్నారు. అదే క్యూలో, కారు ట్యాగ్ కోసం వచ్చిన తెలుగు దంపతులున్నారు. గుడిలో ప్రతి పండక్కీ కలిసేవాళ్లు. ఆయన నన్ను చూసి, చూడనట్టు ఫోన్‌లోకి తల దించుకున్నాడు. ఆయన భార్య మాత్రం నా మీంచి కళ్లు తిప్పలేదు.

చివరికి డెప్యూటీ లైసెన్సు తిరిగిచ్చి, "అలాంటి రికార్డులు లేవు. అలాంటి మెషీన్లు ఈ కౌంటీలో ఎప్పుడూ లేవు" అన్నాడు. సారీ లేదు.

సాయంత్రం ఐదయ్యేసరికి మొదటి ఫోన్. "అన్నా, ఏదో పోలీసు గొడవట కదా, లాయరు కావాలంటే చెప్పు." రాత్రికి మూడు. మా ఆవిడ ఏడ్చింది. "ఏమండీ, పిల్లకి ఇక్కడ తప్ప ఇంకో ఊరు తెలీదు. ఈ కొయ్యపెట్టె కోసం మనం ఇండియా ఫ్లైటెక్కాలా?" అంది. జవాబు లేదు నా దగ్గర. ఆ రాత్రే చట్టాలు చదివాను. 1957లో కోర్పాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఇలా డబ్బు చెల్లించే బింగోలు పన్ను లెక్కన స్లాట్ మెషీన్లతో సమానమేనంది. ఏడాదికి మెషీన్‌కి 10 డాలర్లు కట్టేవాళ్లు 250 కట్టాల్సొచ్చింది. 1962లో ఇంకో చట్టం వచ్చి బింగోల్ని కూడా రాష్ట్రం దాటించకూడదంది. నేను నది దాటించి తెచ్చాను. నది అవతల కెంటకీ, ఇవతల ఒహాయో. చేతులు చల్లబడ్డాయి.

పొద్దున్నే లాయర్‌కి 350 డాలర్లిచ్చాను. డబ్బు పెట్టి ఆడొద్దు, రసీదు జాగ్రత్త, నన్నడక్కుండా అంగుళం కదపొద్దు అన్నాడు. ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు ఆ 350 కొనకముందే ఖర్చు పెట్టండి. కౌంటీ ఆఫీసుకి మాత్రం వెళ్లకండి. అడిగినదానికి జవాబు తెలియనప్పుడు అడిగినవాణ్ని దొంగని చేసే కౌంటర్లు తెనాలిలోనూ చూశాను, ఇక్కడా చూశాను. గుళ్లో కనబడినప్పుడు నమస్కారం పెట్టి, కష్టంలో కనబడినప్పుడు తల దించుకునేవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఆ దంపతులు నా దగ్గరికొచ్చి "ఏమైంది?" అని ఒక్కమాట అడిగి ఉంటే, నేను ఆ బెంచీ మీద అంత ఒంటరిగా ఉండేవాణ్ని కాదు.

రెండు నెలలు మెషీన్ ముట్టుకోలేదు. తర్వాత మా ఆవిడే "అంత అవమానపడ్డాక మధ్యలో వదిలేస్తే ఎలా?" అంది.

లైబ్రరీకి వెళ్లండి. కోవింగ్టన్‌లో కెంటన్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీ ఉంది, స్థానిక చరిత్రకి వాళ్లకొక విభాగమే ఉంది. నన్నెవరూ వీసా అడగలేదు. పాత పేపర్లు చూపించి, కుర్చీ ఇచ్చారు. ఆ ప్రాంతంలోని న్యూపోర్ట్ ఒకప్పుడు జూదానికి పేరుమోసిన ఊరు. 1961 మేలో, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) పదవికి పోటీ చేస్తున్న మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ రాటర్‌మన్‌కి మత్తుమందిచ్చి, ఒక నర్తకి పక్కన మంచం మీద పడుకోబెట్టి కేసు పెట్టారు. కుట్ర బయటపడింది. నవంబరులో ఆయనే గెలిచాడు. నవంబరు 1961! నా తలుపు మీద పెన్సిల్ ఆగిన నెల. "అలాంటివి ఎప్పుడూ లేవు" అన్న డెప్యూటీకి ఆ పేపర్లన్నీ ఫ్రేము కట్టించి పంపాలనిపించింది.

అది నా ఊహే, రుజువు కాదు. రుజువు జ్యూక్‌బాక్స్‌లు (నాణెం వేస్తే పాట వినిపించే పెట్టెలు) రిపేరు చేసే ఒక షాపులోంచి వచ్చింది. ఆ షాపాయన నాకెవరి నంబరూ ఇవ్వలేదు, నా నంబరు తీసుకున్నాడు. మూడు వారాలకు ఫోన్ మోగింది. అటుపక్క వణికే గొంతు: "తలుపు మీద సంతకం ఏ అక్షరాలు?" చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మా అన్న" అన్నారు.

నిన్న వచ్చారాయన. ఎనభై ఆరేళ్లు. అప్పట్లో అన్నకి సహాయకుడిగా మెషీన్లు బాగుచేస్తూ తిరిగేవారట. వస్తూనే పెన్సిల్ గీతల మీద వేలు పెట్టి ఒక్కో తేదీ చదివారు. సీరియల్ నంబర్ల సంగతి అడిగితే నవ్వారు. రెండు హవానాలుండేవట. పోలీసులు ఒకదాని హెడ్ సమ్మెటతో పగలగొట్టారు, ఇంకోదాని బాడీ పగలగొట్టారు. మిగిలిన సగాలు రెండూ కలిపి అన్నదమ్ములిద్దరూ ఒకటి చేశారు. అద్దం అప్పుడే పోయిందట. ప్లైవుడ్‌కి నల్లరంగు వేసింది ఈయనే.

నేను సవరించిన ఒక రిలే చూసి, "పలకల మధ్య ఎడం తక్కువైంది, అబ్బాయ్" అని గోరుతో పలక కొంచెం వంచారు. నెల రోజులుగా ఆగి ఆగి తిరుగుతున్న మోటారు సాఫీగా తిరిగింది. ఐదు బంతులాడారు. మూడు వరసలో వెలిగాయి, లెక్క ఎక్కింది. అప్పుడు వంగి, బల్ల అడుగున తడిమి, నేను పద్నాలుగు నెలలుగా కనిపెట్టని చోట వేలు నొక్కారు. టకటకటకమని అంకెలు సున్నాకి దిగిపోయాయి.

ఎక్కడ ఆడిందో కూడా చెప్పారు. చెప్పులు కుట్టే షాపు వెనక గది. వీధి పేరు రాయొద్దన్నారు, రాయను. "మరి ఆ తాతగారి కెఫే?" అన్నాను.

"కెఫే ఏదీ లేదు" అన్నారు. "ప్రతి సోమవారం గుడ్డసంచీతో వచ్చి నాణేలు లెక్కపెట్టుకుని వెళ్లేది ఆయనే. ఈ చుట్టుపక్కల మెషీన్లన్నీ ఆయనవే."

రాత్రి ఆ మనవడి నుంచి మెసేజ్ వచ్చింది. మా తాత కెఫే గురించి ఏమైనా తెలిసిందా అని. ఇంకా జవాబివ్వలేదు.