కాలువ తవ్విన నేలకు నిప్పంటుకుంటే

"మీ కాలువలోళ్లే మా నేలను ఎండబెట్టారు." ఇండోనేషియాలోని మధ్య కలిమంతన్‌లో ఒక ఊరి పెద్దాయన ముఖం మీదే అన్న మాట ఇది. కాలువలకు అడ్డుకట్టలు వేసే పనికి వరంగల్ నుంచి వచ్చిన మనిషికి అంత తొందరగా మింగుడుపడదు. ఎస్సారెస్పీ కాకతీయ కాలువకు నీళ్లు వదిలారంటే కొబ్బరికాయలు కొట్టే ప్రాంతం మనది. చివరి మడికి నీళ్లు అందలేదని రోడ్డెక్కిన రైతులను చూశాం గానీ, కాలువనే తిట్టేవాళ్లను ఎక్కడ చూశాం?

కానీ పెద్దాయన మాట తప్పు కాదు. 1990ల మధ్యలో అప్పటి అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం ఇక్కడ పది లక్షల హెక్టార్లలో, అంటే దాదాపు 25 లక్షల ఎకరాల్లో వరి పండించాలని 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వించింది. వరి పండలేదు. కొన్నేళ్లకే పథకాన్ని వదిలేశారు, కాలువలను మాత్రం ఎవరూ పూడ్చలేదు. మన కాలువ చేనుకు నీళ్లు తెస్తుంది. ఇవి నేలలో ఉన్న నీళ్లను నదిలోకి తోడేశాయి.

ఇక్కడిది పీట్ నేల. వేల ఏళ్లుగా ఆకూ కొమ్మా నీళ్లలో మునిగి, కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న పొర. కొన్నిచోట్ల 10 మీటర్లు దాటుతుంది. పిడికెడు తీసి పిండితే టీ డికాక్షన్ రంగు నీళ్లు కారతాయి, వేళ్ల మధ్య నార మిగులుతుంది. తడిగా ఉన్నంతకాలం భయం లేదు. బాగా ఎండిందా, మళ్లీ నీళ్లు పీల్చుకోదు, పోసిన నీళ్లు పక్కకు జారిపోతాయి.

రైస్‌మిల్లు వెనక ఊక కుప్పకు నిప్పు తగిలితే ఎట్లా రాజుకుంటుందో ఇదీ అంతే. పైకి మంట ఉండదు, లోపల్లోపలే పాకుతుంది. వేర్లు కాలిపోయి, పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి కూలుతుంది. తెల్లబూడిద మచ్చ కనిపించిన చోట అడుగు పెట్టకూడదు, కింద గుల్లగా ఉండి కాలు నిప్పుల్లోకి దిగుతుంది. పైనుంచి ట్యాంకరు నీళ్లు కుమ్మరిస్తే పైపొరే చల్లబడుతుంది. అందుకే కొనకు రంధ్రాలున్న ఇనుప పైపును నేలలోకి దించి, లోపలంతా బురదయ్యేదాకా నీళ్లు ఎక్కిస్తారు. తర్వాత తవ్వి, కలిపి, ఇంకా వేడి ఉందేమో చూస్తారు. ఒక్క మూల వదిలినా మళ్లీ రాజుకుంటుంది.

మన దగ్గరా యాసంగి వరికొయ్యలు, పత్తికట్టె కాలుస్తారు. అది మంచిదని అనను. కానీ ఆ మంట కాసేపటికి చల్లారుతుంది. ఇది వానలు గట్టిగా పడేదాకా వారాలు, నెలలు పొగుస్తుంది. సగం కాలిన పొగ కాబట్టి సన్నటి ధూళి, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. 2015లో ఇండోనేషియాలో దాదాపు 26 లక్షల హెక్టార్లు కాలితే అందులో మూడో వంతు పీట్ నేలే. ఆ పొగకు సముద్రం అవతల సింగపూర్‌లో సెప్టెంబరు 25న బడులు మూసేశారు. సింగపూర్, మలేషియా సైట్లలో పనిచేసే మనోళ్లకు ఒక్క మాట: ఎన్95 మాస్కు పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి, ముక్కు దగ్గరి తీగను రెండు చేతులతో నొక్కాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి పొగ దూరుతుంది. మాస్కు ధూళిని ఆపుతుంది, వాయువును ఆపదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే అక్కడినుంచి బయటపడాలి.

అసలు మందు నీటిమట్టమే. తోటల్లో అది నేలకు 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదని ఇక్కడి నిబంధన. రంధ్రాలు చేసిన పీవీసీ పైపు పాతి కొలుస్తారు. మట్టం నిలవాలంటే కాలువకు అడ్డుకట్ట కావాలి. రెండు వరుసల దుంగలు దిగ్గొట్టి, మధ్యలో సంచులు పేర్చి, నడుమ మత్తడి, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి వదులుతారు. చెరువు కట్ట చూసి పెరిగినోళ్లకు ఈ పని చెప్పక్కరలేదు. కానీ మన కట్ట మట్టి ఇక్కడ పనికిరాదు, బరువెక్కువైతే మెత్తటి నేలలోకి కుంగుతుంది. ఇంకో చిక్కు, నీళ్లు కట్టను దాటవు, పక్కనుంచి ఒడ్డును కోసుకుపోతాయి. అందుకే కట్ట రెండు కొసలను, అంటే రెక్కలను, ఒడ్డులోకి బాగా లోపలికి పొడిగించాలి. ఒక్క పెద్ద కట్ట బదులు, మెట్లు మెట్లుగా చిన్నవి ఎక్కువ కట్టాలి. ఒక్కో కట్ట దగ్గర నీటి ఎత్తు తేడా పావు మీటరు దాటకుంటే మంచిది.

పడవ దారి మూస్తే మాత్రం చేపలకు పోయే ఊరోళ్లు రాత్రికి రాత్రి దుంగలు పీకేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆ కాలువే వాళ్ల బాట. మత్తడి ఎంత వెడల్పుండాలో ముందే వాళ్ల పడవ కొలిచి తేల్చుకోవాలి. ఇదంతా జూన్‌లోపే ముగియాలి. నీటిమట్టం పడిపోయాక కట్టిన కట్ట వెనక నిలపడానికి నీళ్లే ఉండవు.